కెమెరా మార్చాలా, లెన్స్ మార్చాలా?



దసరా సెలవుల తర్వాత జరిగిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల గురించి కన్నా ఎక్కువగా నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మావాడు కెమెరా కొనమని ప్రాణం తీస్తున్నాడు. మీరు పక్షుల ఫొటోలు తీస్తారట కదా, ఏది కొనమంటారు?" ఎనిమిదో తరగతి గది బయట బోర్డు మీద నేను తీసిన ఫొటోలు నాలుగు పెట్టిన దగ్గర్నుంచి మొదలైందిది. ఒక నాన్నగారైతే ఇంకో అడుగు ముందుకేశారు. "ఇంట్లో ఒకటుందండీ. అది పాతదైపోయింది, కొత్త బాడీ కావాలంటున్నాడు. అసలు బాడీ అంటే ఏమిటి మేడమ్?" ఆయన వెనక లైన్లో ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. ఈ ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు లేదు. ఈ నెల తెలుగు పేజీ నాకిచ్చారు కాబట్టి ఇక్కడ చెబుతాను. పైగా ఇదే ప్రశ్న మా ఇంట్లో కూడా ఆరు నెలలపాటు నలిగింది. (ఇంగ్లిష్ టీచర్ తెలుగులో రాయడమేమిటని స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.)

ముందు బాడీ సంగతి. లెన్స్ ఊడదీసి మార్చుకోగలిగే కెమెరాల్లో రెండు భాగాలుంటాయి. ముందు గొట్టంలా ఉండేది లెన్స్. దూరంలో ఉన్నదాన్ని దగ్గరకు తెచ్చేదీ, వెలుతురును లోపలికి పంపేదీ అదే. వెనక మన చేతిలో ఉండే డబ్బా బాడీ. వెలుతురును బొమ్మగా మార్చే సెన్సర్, ఫోకస్ ఎక్కడ పెట్టాలో లెక్కవేసే యంత్రాంగం, సెకనుకు ఎన్ని ఫొటోలు తీయాలో చూసుకునే షట్టర్, అన్నీ అందులోనే. కొత్తగా ఏది మార్కెట్లోకి వచ్చినా ప్రకటనలు ఎక్కువగా బాడీ గురించే ఉంటాయి. అందుకే పిల్లల నోట్లో కూడా ఆ మాటే.

నా దగ్గరున్నది కానన్ 1500డి. 2018లో వచ్చిన మోడల్. బీఈడీ అయ్యాక మొదటి ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో కొన్నాను. దాంతోపాటు 55-250 లెన్స్. మారేడ్‌పల్లిలో మా మేడ మీదే చాలా నేర్చుకున్నాను. ఇక్కడి పాత ఇళ్ల కాంపౌండ్లలో ఇంకా వేపచెట్లు, మామిడిచెట్లు మిగిలే ఉన్నాయి కాబట్టి గోరింకలు, చిలుకలు, తేనెపిట్టలు, జెముడుకాకులు ఇంటికే వస్తాయి. ఆదివారాలు మాత్రం తెల్లవారకముందే నాన్న, నేను బండి మీద బయల్దేరతాం. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. నాలుగింటికి లేవడం ఆయనకు ఇప్పటికీ డ్యూటీయే. తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట దాటి శామీర్‌పేట చెరువు. ఇంకో వారం మియాపూర్ అవతల అమీన్‌పూర్ చెరువు. ఊరు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువది. చలికాలం మొదలైతే అక్కడికి ఎక్కడెక్కడి బాతులో దిగుతాయి. టైమ్ లేని వారం సఫిల్‌గూడ చెరువు గట్టు చాలు. అక్కడ నీటికోళ్లు, బుడుబుంగలు, నీటికాకులు ఎప్పుడూ ఉంటాయి.

ఈ కెమెరాతో నాకొచ్చిన ఇబ్బంది ఏమిటంటే, కదలని పక్షి దగ్గర అది బంగారం. ఎగిరే పక్షి దగ్గరే చిక్కు. ఫోకస్ పాయింట్లు తొమ్మిది. సెకనుకు మూడు ఫొటోలు. పాలపిట్టను తీసుకోండి. తీగ మీద కూర్చున్నంతసేపూ గోధుమరంగులో మామూలుగా ఉంటుంది. ఎగిరినప్పుడే ఆ నీలం రెక్కలు విచ్చుకుంటాయి. అది లేచి రెక్కలు పూర్తిగా చాచే లోపల నా కెమెరా తీసేది ఒకటో రెండో ఫొటోలు. ఆ ఒకటి రెండులో రెక్క సరిగ్గా విప్పి ఉండాలి, కన్ను స్పష్టంగా ఉండాలి, వెనక కరెంటు స్తంభం ఉండకూడదు. మన రాష్ట్ర పక్షి ఎగిరే ఫొటో మంచిది ఒక్కటి తీయాలని నాకు మూడేళ్లుగా ఆశ.

ఇప్పుడొచ్చే మిర్రర్‌లెస్ బాడీలు ఇందులోనే ముందుకెళ్లిపోయాయి. నేను కన్నేసింది కానన్ ఆర్7. 2022లో వచ్చింది. 32.5 మెగాపిక్సెల్స్. మామూలు షట్టర్‌తో సెకనుకు 15, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 30 ఫొటోలు. అన్నిటికన్నా ముఖ్యం, పక్షి కన్నెక్కడుందో అదే కనిపెట్టి ఫోకస్‌ను అక్కడే అంటిపెట్టుకుంటుంది. బాడీ ఒక్కటే లక్షకు పైమాట. నా జీతం లెక్కలో అదెంతో మీలో ఉద్యోగాలు చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

డబ్బుకు ఒక దారి ఉంది. చీటీ. నెలకు 5,000, ఇరవై నెలలు, లక్ష రూపాయల చీటీ. మధ్యలో పాడుకుంటే ఇరవై వేల దాకా వదులుకోవాలి. చివరిదాకా ఆగితే పూర్తి మొత్తం. ఆ చీటీ నేను ఎంఏ ఫీజుకూ, తమ్ముడి చివరి సంవత్సరం ఖర్చుకూ అని మొదలుపెట్టింది. అమ్మ లెక్క వేరు. "ఆ డబ్బుతో నాలుగు గాజులు చేయించుకుంటే రేపు పనికొస్తాయి కదే" అని ఆవిడ. ఇది ఇంటింటి రామాయణమే లెండి, వదిలేద్దాం.

నాన్న మాత్రం నన్ను చరిత్రతో కొట్టారు. "అమ్మా, రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే కదా దోమ కడుపులో మలేరియా కనిపెట్టింది? ఆయన మైక్రోస్కోప్ ఐపీస్ పగిలి ఉంది, స్క్రూలు తుప్పు పట్టాయి. దాంతోనే నోబెల్ కొట్టాడు." నిజమే. 1897 ఆగస్టు 20, బేగంపేట. పిల్లలకు నేనే చెబుతుంటాను. కానీ ఆ కథను ఇలా వాడటం నాకు నచ్చదు. పరికరం ముఖ్యం కాదు, పట్టుదల ముఖ్యం అని చెప్పి పిల్లల కోరిక పక్కకు తోసేయడానికి పెద్దవాళ్లకు బాగా పనికొస్తుందది. రాస్ ఐపీస్ పగిలిందే కానీ, దోమ కడుపు గోడ మీద మచ్చను చూపించగలిగేంత శక్తి ఆ మైక్రోస్కోప్‌కు ఉంది. చేతి భూతద్దంతో ఎన్నేళ్లు చూసినా ఆయనకది కనబడేది కాదు. అదే నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నీ కెమెరాలో పగిలింది ఏదో, అసలు లేనిది ఏదో ముందు తేల్చు" అన్నారు.

తేల్చడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పేపర్లు దిద్దడం. పోయిన చలికాలం తీసిన ఫోల్డర్లు తెరిచి, సరిగ్గా రాకపోయినా తీసేయడానికి మనసొప్పక ఉంచేసిన ఫొటోలు వంద పక్కన పెట్టాను. ఒక్కో ఫొటోకి నోట్‌బుక్‌లో ఒక్కటే కారణం రాయాలి, ఎందుకు పోయింది అని. ఎర్ర పెన్నుతోనే రాశాను, అలవాటు కదా. రెండు రాత్రులు పట్టింది. ఎదురు వెలుతురు వల్ల పక్షి నల్లగా పడినవి 23. తెల్లవారకముందు వెలుతురు చాలక, షట్టర్ వేగం తగ్గించాల్సి వచ్చి చెదిరినవి 17. ఫోకస్ అందుకోలేకపోవడం వల్లో, సెకనుకు మూడే కావడం వల్లో పోయినవి 19. ఇక మిగిలిన 41 ఫొటోల పక్కనా ఒకటే మాట: దూరం. పక్షి బాగుంది, వెలుతురు బాగుంది, ఫోకస్ బాగుంది. కానీ ఫ్రేములో అది వేరుశనగ గింజంత. కంప్యూటర్లో కోసి పెద్దది చేస్తే ఈకలన్నీ ముద్ద.

కొత్త బాడీ కచ్చితంగా బాగుచేసేది ఆ 19ని. ఎదురు ఎండను ఏ బాడీ మార్చలేదు, మనం గట్టుకు అవతలి వైపు వెళ్లాల్సిందే. తక్కువ వెలుతురు విషయంలో కొంత లాభం ఉంటుంది. అయితే ఆర్7లోనూ సెన్సర్ దాదాపు నా దానంతదే కాబట్టి పెద్ద ఆశలు అక్కర్లేదు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ తీసుకుంటే వెలుతురు సంగతి మెరుగవుతుంది. కానీ అదే లెన్స్‌తో పక్షి ఫ్రేములో ఇంకా చిన్నదవుతుంది.

అయినా కాగితం మీద లెక్క ఒకటి, చేతిలో పట్టుకుంటే ఒకటి. నగరంలో కెమెరాలు రోజుకు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. ఆధార్ జిరాక్స్, డిపాజిట్ ఇచ్చి శనివారం సాయంత్రం ఆర్7 తెచ్చుకున్నాను. నా పాత లెన్సే దానికి అడాప్టర్‌తో తగిలించాను. ఆదివారం పొద్దున్నే శామీర్‌పేట.

ఎగిరే పక్షుల దగ్గర తేడా అన్యాయం అనిపించేంతగా ఉంది. నీళ్ల మీదుగా తెల్లకొంగ ఒకటి వచ్చింది. వ్యూఫైండర్‌లో చిన్న చదరపు గడి దాని కంటి మీద వాలి, చెట్లు అడ్డొచ్చినా వదల్లేదు. నేను చేయాల్సిందల్లా కెమెరాను దాని వెంట తిప్పడమే. నా 1500డితో పది సార్లు ప్రయత్నిస్తే రెండు సార్లు దొరికేది, దీంతో ఏడెనిమిది సార్లు దొరికింది. నాన్న కూడా తీసి చూశారు. ఆయన జీవితంలో తీసిన మొదటి ఎగిరే పక్షి ఫొటో అది, నావాటికన్నా స్పష్టంగా వచ్చింది!

ఇంటికొచ్చాక ఇంకో సంగతి. ఒక్క పూటలో రెండు వేల ఆరు వందల ఫొటోలు. రా ఫైళ్లు కావడంతో డెబ్భై, ఎనభై జీబీలు. నా లాప్‌టాప్‌లో మొత్తం ఉన్నదే 256. వేగంగా రాసే కార్డు, అదనపు హార్డ్‌డిస్క్, వాటిని ఏరుకోవడానికి సాయంత్రాలు, ఇవన్నీ బాడీ ధరలో కనిపించని ఖర్చులు. 30 ఫొటోల ఎలక్ట్రానిక్ షట్టర్‌లో కొన్ని రెక్కలు వంకరగా కూడా పడ్డాయి. సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసగా చదువుతుంది, అది పూర్తయ్యేలోపే రెక్క కదిలిపోతుంది. అందుకని 15 దగ్గరే ఉండటం మంచిది. ఇవేవీ ఆ కెమెరాను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. బాగుంది. చాలా బాగుంది.

కానీ చెరువు మధ్యలో తేలుతున్న బాతులు, ముక్కు చివర పసుపు మచ్చ ఉండేవి, రెండు కెమెరాల్లోనూ వేరుశనగ గింజలే.

ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగే లెక్క. 24.1 మెగాపిక్సెల్స్ నుంచి 32.5కి వెళ్తే మూడో వంతు ఎక్కువ అనిపిస్తుంది. అది వైశాల్యం. పక్షి పొడవులో చూడాలంటే వర్గమూలం తీయాలి, అంటే పెరిగేది 16 శాతమే. 50 మీటర్ల దూరంలో ఉన్న లకుముకి పిట్ట 43 మీటర్ల దగ్గరకు వచ్చినట్టు. అదే పాత బాడీకి 250 బదులు 400 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే, 50 మీటర్లలో ఉన్నది 31 మీటర్లకు వస్తుంది. 600 పెడితే 21 మీటర్లకు. అయితే 150-600 లెన్స్ రెండు కిలోల బరువు. బండి మీద వెళ్లి, చేత్తో పట్టుకుని తీసే నాలాంటివాళ్లకు భుజం ఒప్పుకోదు. 100-400 రకాలు కిలోకు కొంచెం పైన ఉంటాయి.

తర్వాతి ఆదివారం అదే దుకాణం నుంచి సిగ్మా 100-400 అద్దెకు తెచ్చి నా పాత 1500డికి తగిలించాను. ఈసారి అమీన్‌పూర్. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి పైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, చేప కనిపించాక నిలువునా కిందికి దూకుతుంది. అది దూకడం నాకు ఒక్కటీ దొరకలేదు, సెకనుకు మూడుతో దొరకదు కూడా. కానీ గాల్లో నిలబడినప్పుడు తీసినవాటిలో దాని కంట్లో వెలుగు చుక్క కనిపిస్తోంది. మూడేళ్లలో మొదటిసారి కోయకుండా ప్రింట్ వేయదగ్గ ఫొటో వచ్చింది. మీ పిల్లలు బోర్డు మీద చూసింది అదే.

దూరం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఫొటో బాగా రావడం ఒక్కటే కాదు ఇందులో ఉన్నది. లెన్స్ చాలనప్పుడు మనిషి చేసే మొదటి పని ముందుకు నడవడం. పక్షి ఒక గీత గీసుకుని కూర్చుంటుంది. అది దాటితే ఎగిరిపోతుంది. ఒక్కసారైతే పర్వాలేదు. గూట్లో గుడ్లున్నప్పుడు, పిల్లలున్నప్పుడు పదే పదే లేపితే గూడు వదిలేసే ప్రమాదం ఉంది, ఎండకు గుడ్లు పాడవుతాయి, కాకులకు దారి తెలుస్తుంది. సెలవుల్లో మీరు ఊరికి వెళ్లినప్పుడు తాటిచెట్టుకో తుమ్మచెట్టుకో గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే పిల్లలు ఫోన్ పట్టుకుని కిందికి పరిగెత్తుతారు. దయచేసి ఆపండి. ఇక పాలపిట్ట సంగతి మీకు తెలిసిందే. దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని, కొందరు పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. వచ్చే దసరాకు ఊరి బయట కరెంటు తీగల వైపు తలెత్తి చూస్తే చాలు, ఉచితంగా కనిపిస్తుంది.

కెమెరా అనగానే మనిషి వెనక నిలబడాలని కూడా లేదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట పొదల మధ్య తిరిగే పక్షి అది. తర్వాతి కాలంలో దాన్ని వెతికిన పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టి పట్టీలు పరిచి పాదముద్రలు చూశారు, పక్షి ముందు నుంచి నడిస్తే దానంతటదే క్లిక్కుమనే కెమెరాలు పెట్టారు. వాళ్లకు కావాల్సింది పక్షి అక్కడ ఉందా లేదా అన్న జవాబు. అందుకు ఈకలు లెక్కపెట్టేంత స్పష్టత అక్కర్లేదు. ఈ కథ క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు "మేడమ్, అంటే సీసీ కెమెరానా?" అన్నాడు. దాదాపు అంతే నాన్నా, అన్నాను.

చివరికి నేను చేసింది ఇది. చీటీ పాడుకోలేదు. విడిగా దాచుకున్న డబ్బులో నలభై రెండు వేలు పెట్టి, సెకండ్‌హ్యాండ్‌లో అదే రకం 100-400 లెన్స్ తీసుకున్నాను. బాడీ పాతదే. కానన్ ఈఎఫ్ లెన్సుల పద్ధతి 1987 నుంచి ఉంది, ఆ బిగింపుతో వచ్చినవి అడాప్టర్‌తో కొత్త మిర్రర్‌లెస్ బాడీలకూ పడతాయి. కాబట్టి ఎప్పుడైనా బాడీ మార్చినా ఈ లెన్స్ వృథా పోదు. పాలపిట్ట ఎగిరే ఫొటో మాత్రం ఇంకా రాలేదు. ఈ బాడీతో అది అదృష్టం మీద ఆధారపడిన సంగతే, అది తెలిసే ఒప్పుకున్నాను. వచ్చే చలికాలం తర్వాత మళ్లీ వంద ఫొటోలు దిద్దుతాను. అప్పుడు ఫోకస్, వేగం లెక్క 19 నుంచి సగానికి చేరితే ఆర్7 గురించి మళ్లీ ఇంట్లో మాట తీస్తాను. నాన్న నావైపే ఉంటారని నమ్మకం, ఆయనకూ ఆ కొంగ ఫొటో రుచి తగిలింది కదా.

మీ ఇంట్లో ఈ గొడవ నడుస్తుంటే, కొనే ముందు మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టి, సరిగ్గా రాని ఫొటోలు ఇరవై చూపించమనండి. ఫోన్‌తో తీసినవైనా సరే. ప్రతిదాని పక్కనా కారణం వాళ్లచేతే రాయించండి. ఇరవై ఫొటోలు కూడా లేవంటే ఇంకా తొందరేమీ లేదు. పక్షుల మీదే నిజంగా ఆసక్తి అయితే మొదట 8×42 బైనాక్యులర్స్ కొనివ్వండి, మంచి లెన్స్ కన్నా చాలా చవక, పక్షిని గుర్తుపట్టడం దాంతోనే వస్తుంది. ఖరీదైన బాడీ అడిగితే ముందు ఒక రోజు అద్దెకు తెచ్చి చూడండి.

సెకండ్‌హ్యాండ్ తీసుకునేవాళ్లకు రెండు మాటలు. లెన్స్ అయితే వెనకనుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడులాంటి సన్నటి తీగలు కనిపిస్తే అది ఫంగస్, వద్దు. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, రెండు చోట్లా ఆటోఫోకస్ పట్టిందో లేదో మీ కెమెరాకే తగిలించి చూడండి. బాడీ అయితే షట్టర్ కౌంట్ అడగండి, పాత బండికి కిలోమీటర్లు అడిగినట్టు. ఒరిజినల్ బిల్లు లేనిది తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక బీరువాలో బట్టల మధ్య పెట్టకండి. మన వానాకాలానికి అక్కడే ఫంగస్ పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, పొట్లాలు నెలకోసారి మార్చండి.